ప్రత్యర్థులు కలిసి కాచిన కడలి

ఉద్యోగకాలంలో సాంఘికశాస్త్రం మాస్టారు సెలవు పెట్టిన రోజున ఆయన తరగతి తెలుగు పండితుడినైన నాకు వచ్చేది. ఐరోపా పటం వ్రేలాడదీసి దేశాల పేర్లు చదివించేవాడిని. బాల్టిక్ సముద్రం చుట్టూ ఎన్ని రంగులో! రంగు మారినచోట వైరముందని చెప్పేవాడిని. నడుమనున్న నీలిరంగు గురించి ఏనాడూ చెప్పలేదు. ఆ బాకీ ఈనాడు తీర్చుకుంటున్నాను.

బాల్టిక్ సగటు లోతు సుమారు 55 మీటర్లే. డెన్మార్కు దగ్గరి ఇరుకు జలసంధులే దానికి బయటి సముద్రంతో సంబంధం. లోపలి నీరంతా మారడానికి సుమారు ముప్ఫయ్యేళ్లు పడుతుంది. కనుక ఒకరు పారబోసిన విషం అందరి వాకిటా తిష్ఠ వేస్తుంది. 1966లో సోరెన్ యెన్సెన్ అనే స్వీడన్ రసాయన శాస్త్రవేత్త అక్కడి చేపలలోనూ, తెల్లతోక గద్దలోనూ పీసీబీలనే పారిశ్రామిక రసాయనాలను గుర్తించాడు. డీడీటీ వలన గద్దగుడ్ల పెంకులు పలుచబడ్డాయి. సీల్ జంతువులలో ఆడవి గొడ్డుపోయాయి.

1974 మార్చి 22న హెల్సింకిలో ఏడు తీరదేశాలు ఒక ఒడంబడికపై సంతకాలు చేశాయి. అవి డెన్మార్కు, ఫిన్లాండు, స్వీడన్, పోలండు, సోవియట్ యూనియన్, తూర్పు జర్మనీ, పశ్చిమ జర్మనీ. అది ప్రచ్ఛన్నయుద్ధ కాలమని మరువరాదు. ఒకవైపు నాటో సభ్యులు, మరొకవైపు వార్సా కూటమివారు. రెండు జర్మనీలూ తమలో తాము ఒప్పందం చేసుకుని అప్పటికి రెండేళ్లైనా నిండలేదు. అయినా నేలనుండీ, ఓడలనుండీ, గాలినుండీ సముద్రంలో చేరే కాలుష్యమంతటినీ ఒకే ఒడంబడిక క్రిందకు తెచ్చారు. లోకంలో అటువంటిది అదే మొదటిది. 1980 మే 3న అమలులోకి వచ్చింది.

అందులో ఒక లోపముంది. సార్వభౌమత్వం పేరిట ప్రతి దేశమూ తన అంతర్గత జలాలను ఆ నిబంధనలకు వెలుపలే ఉంచుకుంది. సూత్రం చక్కగా చెప్పి, ముఖ్యమైన ప్రయోగాలకే మినహాయింపు ఇచ్చినట్లయింది. మురికి వచ్చేదేమో నదులలోనాయె! 1992లో తొమ్మిది దేశాలూ, ఐరోపా సమాజమూ కలిసి కొత్త ఒడంబడిక వ్రాసుకుని, అంతర్గత జలాలను చేర్చి, నదీ పరీవాహక ప్రాంతమంతటా కాలుష్యం తగ్గించాలన్నాయి. అది 2000లో అమలైంది.

డీడీటీ, పీసీబీలపై నిషేధాలు ఫలించాయి. గద్దలు మళ్లీ పిల్లలను పొదిగాయి, బూడిదరంగు సీళ్లు పెరిగాయి. కానీ పొలాల ఎరువులు, పట్టణాల మురుగు చేర్చిన భాస్వరం, నత్రజని ఇంకా పీడిస్తున్నాయి. లోతు నీళ్లలో ప్రాణవాయువు లేని మేరలు మిగిలే ఉన్నాయి. 2022లో రష్యా ఉక్రెయిన్ పై దండెత్తాక యథావిధి సమావేశాలు నిలిచిపోగా, మిగిలిన సభ్యులు అనధికారికంగా సంప్రదింపులు సాగించారు. ప్రచ్ఛన్నయుద్ధం తెంచలేని దారానికి అసలు యుద్ధం చిక్కుముడి వేసింది.

మళ్లీ ఆ పటం ముందు నిలబడగలిగితే, మిత్రులారా, నా వేలు తీరం దగ్గర ఆగదు. విస్తులా నది వెంట అది పుట్టిన కొండలదాకా పిల్లలను తీసుకుపోయి, సముద్రం ఇక్కడినుండే మొదలని చెబుతాను.

శెలవు.