పెరట్లో కట్టుకున్న తెరచాప పడవ

ఇంట్లో సొంతంగా కట్టుకునే చిన్న తెరచాప పడవకు దారి చూపినవి రెండు: నీళ్లకు విడిపోని ప్లైవుడ్, తేమకు ఊడిపోని జిగురు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఐరోపాలో, అమెరికాలో డింగీ (చిన్న తెరచాప పడవ) కావాలంటే ఎక్కువమంది పడవలు కట్టే మేస్త్రి దగ్గరికే వెళ్లేవారు. సన్నని పలకలను ఒకదాని అంచు మీద మరొకటి ఎక్కించి రాగి మేకులతో బిగించాలి. కర్రను ఆవిరిలో మెత్తబరిచి, వంచి, లోపల పక్కటెముకల్లా అమర్చాలి. ఏళ్ల తరబడి చేస్తే తప్ప చేతికి రాని పని అది. ప్లాను చేతిలో ఉన్నా ఉపయోగం తక్కువే. కాగితం మీది కొలతల పట్టికను నేల మీద అసలు సైజులో గీసుకుని, వంపులన్నీ సరిచూసుకున్నాకే రంపం పట్టాలి. ఆ విద్య మేస్త్రికే తెలుసు. మామూలు ఉద్యోగి, బడిపంతులు సులువుగా పడవ కట్టుకోగలిగింది ప్లాన్లు గీసే పద్ధతి మారాకే.

చిన్న పడవలో దూర ప్రయాణం చేయాలన్న కోరిక మాత్రం అంతకు చాలా ముందే పుట్టింది. 1865లో స్కాట్లాండ్‌కు చెందిన న్యాయవాది జాన్ మెక్‌గ్రెగర్ ‘రాబ్ రాయ్’ అనే 15 అడుగుల పడవలో ఐరోపా నదుల మీద తిరిగాడు. తెడ్డు, చిన్న తెరచాప రెండూ వాడాడు. పడవ తేలిక కాబట్టి నది లేని చోట బండి మీద, రైల్లో ఎక్కించి తీసుకుపోయాడు. మరుసటి ఏడాది అచ్చయిన ఆయన పుస్తకం చదివి ఎంతోమంది అలాంటి పడవలు చేయించుకున్నారు. ఒడ్డు మీద మోసుకుపోయేంత తేలిక, నీళ్ల మీద రోజుల తరబడి బతికేంత చోటు: పొసగని ఈ రెండు గుణాలు ఒకే పడవలో కావాలని అప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నారు.

యుద్ధం ఇచ్చిన సరుకు

యుద్ధకాలంలో బ్రిటన్ డి హావిలాండ్ మస్కిటో విమానాన్ని చెక్కతో, ప్లైవుడ్‌తో తయారుచేసింది. అలాంటి అవసరాలే సింథటిక్ జిగుర్లను, మంచి ప్లైవుడ్‌ను ముందుకు తెచ్చాయి. యుద్ధం ముగిశాక అవి మామూలు జనానికీ అందాయి.

1947లో రెండు పడవలు రెండు తీరాల్లో పుట్టాయి. ఇంగ్లండ్‌లో జాక్ హోల్ట్ ‘యాటింగ్ వరల్డ్’ పత్రిక కోసం పిల్లలకు పనికొచ్చే క్యాడెట్ డింగీని గీశాడు. ఇంట్లో కట్టుకోవడానికి వీలుండేలా దాన్ని రూపొందించాడు. అమెరికాలో, ఫ్లారిడా రాష్ట్రం క్లియర్‌వాటర్‌లో క్లార్క్ మిల్స్ ఆప్టిమిస్ట్‌ను గీశాడు. దాదాపు 2.3 మీటర్ల పొడవు, మొద్దు ముక్కు, అన్నీ సాదా గీతలే. తండ్రీకొడుకులు కలిసి తక్కువ ఖర్చుతో గ్యారేజీలో కట్టుకోగలగాలని ఆ రూపం ఇచ్చాడు. హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో ఈనాడు పిల్లలు తెరచాప నడపడం నేర్చుకునే పడవ ఆ ఆప్టిమిస్టే. ఇప్పుడవి ఎక్కువగా ఫైబర్‌గ్లాస్‌తో అచ్చుల్లో తయారవుతున్నాయి గానీ, ఆ మొద్దు ముక్కు ప్లైవుడ్ షీటు కొలతలను బట్టి వచ్చిందే.

రాగి తీగతో కుట్టిన పడవ

అసలు మలుపు 1960ల మొదట్లో వచ్చింది. ఇంగ్లండ్‌లో చెక్కపని నేర్పే ఉపాధ్యాయుడు కెన్ లిటిల్‌డైక్ ప్లైవుడ్ ముక్కలను అంచుల వెంబడి కుట్టి, ఆ కుట్టు మీద ఫైబర్‌గ్లాస్ టేపు, రెసిన్ వేసి కయాక్‌లు చేసేవాడు. టీవీలో ఇంటి మరమ్మతులు నేర్పుతూ పేరు తెచ్చుకున్న బ్యారీ బక్‌నెల్ ఆ పద్ధతిని తెరచాప పడవకు మళ్లించాడు. జాక్ హోల్ట్ దానికి మెరుగులు దిద్దాడు. ‘డైలీ మిర్రర్’ దినపత్రిక వెనక నిలబడింది. అలా వచ్చిన మిర్రర్ డింగీ 1963 జనవరిలో లండన్ బోట్ షోలో జనం ముందుకొచ్చింది. సరంజామా మొత్తం కిట్టు ధర 63 పౌండ్ల 11 షిల్లింగులు.

దీని పనితనం దగ్గర్నుంచి చూడదగ్గది. దర్జీ కత్తిరించిన గుడ్డముక్కల్లా పలకలన్నీ ముందే కొలతకు కోసి ఉంటాయి. అంచుల వెంట చిన్న చిన్న రంధ్రాలు చేసి, ఎదురెదురు రంధ్రాల్లోంచి రాగి తీగ దూర్చి మెలిపెడతారు. తీగలు బిగిసేకొద్దీ చదునైన చెక్క తనంతట తానే వంపు తిరిగి పడవ ఆకారం తెచ్చుకుంటుంది. తర్వాత లోపలి మూలల్లో టేపు పరిచి రెసిన్ పూస్తారు. అది గట్టిపడ్డాక బయట మిగిలిన తీగలను కోసేసి, బయటి అంచులకూ టేపు వేస్తారు. నేల మీద వంపులు గీసే పనీ లేదు, ఆవిరి పెట్టె అవసరమూ లేదు.

కుట్టిన పడవలు కోరమాండల్ తీరానికి కొత్త కాదు. అలలు విరిగే ఒడ్డు దాటడానికి అక్కడ వాడిన మసులా పడవల్లో పలకలను కొబ్బరి పీచు తాళ్లతోనే కుట్టేవారు. ఆ కుట్టు వదులుగా కదులుతూ అల దెబ్బను ఓర్చుకునేది, పడవ ఉన్నంతకాలం పని చేసేది. మిర్రర్ కుట్టు మాత్రం రెసిన్ ఆరేదాకా పలకలను పట్టి ఉంచడానికే. ఆ తర్వాత బలమంతా టేపుది.

మిర్రర్ పొడవు 3.3 మీటర్లు, బరువు 45 కిలోల పైచిలుకు. తెరచాప స్తంభం పొట్టిది. దాని మీదికి మరో కర్రను లాగి నిలబెట్టే తీరు కాబట్టి అన్ని కర్రలూ పడవ పొడవులోనే ఇమిడిపోతాయి. ఇద్దరు ఎత్తి కారు పైన కట్టేయొచ్చు. ఎర్ర తెరచాపల ఈ పడవలు 70,000కు పైగా తయారయ్యాయి. 1997లో ఎ.జె. మెకినన్ అనే ఉపాధ్యాయుడు ఒక పాత మిర్రర్‌లో ఇంగ్లండ్ కాలువల నుంచి బయల్దేరి, ఇంగ్లిష్ ఛానల్ దాటి, డాన్యూబ్ వెంట నల్ల సముద్రం చేరుకున్నాడు.

వేఫేరర్ మార్గం

మిర్రర్ తేలికదనానికి పెద్దపీట వేస్తే, ఇయన్ ప్రాక్టర్ 1957లో గీసిన వేఫేరర్ చోటుకు వేసింది. పొడవు 4.82 మీటర్లు, బరువు 169 కిలోలు. ముందూ వెనకా మూతలున్న గదులు పడవను తేలుస్తాయి, సామాను తడవకుండానూ ఉంచుతాయి. లోపలి నేల మీద ఇద్దరు పడుకోవచ్చు, పైన గుడారం వేసుకోవచ్చు. ఫ్రాంక్ డై అనే నావికుడు ఇలాంటి వేఫేరర్‌లోనే 1963లో ఒక సహచరుడితో స్కాట్లాండ్ నుంచి ఐస్‌లాండ్ చేరాడు. మరుసటి ఏడాది నార్వే దారిలో తుపానుకు చిక్కి పడవ నాలుగుసార్లు బోల్తా పడింది, స్తంభం విరిగింది. అయినా గమ్యం చేరారు. ఆ పడవ ఇప్పుడు ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ జాతీయ సముద్రయాన మ్యూజియంలో ఉంది. పడవ ఎంత గట్టిదైనా, ఆ ప్రయాణాలను నిలబెట్టింది డై అనుభవమే.

1970ల్లో అమెరికాకు చెందిన గూజన్ సోదరులు ఎపాక్సీ అనే రెసిన్‌ను చెక్క పడవలకు అలవాటు చేశారు. పాత పాలియెస్టర్ రెసిన్ కన్నా అది చెక్కను గట్టిగా పట్టుకుంటుంది. ఫిల్ బోల్జర్ గీసిన సులువైన పడవలను హెరాల్డ్ పేసన్ 1979లో ‘ఇన్‌స్టంట్ బోట్స్’ పుస్తకంతో ప్రచారంలోకి తెచ్చాడు. తర్వాత ఇయన్ ఓట్రెడ్, న్యూజిలాండ్‌కు చెందిన జాన్ వెల్స్‌ఫర్డ్, ఫ్రాన్స్‌కు చెందిన ఫ్రాంస్వా వివియే వంటివారు ఇంట్లో కట్టుకునేవారి కోసమే ప్లాన్లు గీస్తూ వచ్చారు.

ప్లాను ఎంచుకునేటప్పుడు

ఈ చరిత్రంతా ప్లాను కొనేవారి ముందు ఒకే ప్రశ్న పెడుతుంది: ఎంత బరువు, దేనికోసం? ఒకుమే చెక్కతో చేసిన ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీటు 6 మిల్లీమీటర్ల మందమైతే దాదాపు 9 కిలోలు, 9 మిల్లీమీటర్లయితే 13 కిలోలు తూగుతుంది. అయిదారు షీట్లకు ఆ తేడా 20 కిలోలకు తగ్గదు. గట్టిదనం కోసం మందం పెంచేవారు ఒంటరిగా ఒడ్డుకు లాగలేని పడవను తయారుచేసుకుంటారు. మైఖేల్ స్టోరర్ గీసిన గోట్ ఐలాండ్ స్కిఫ్ 4.7 మీటర్ల పొడవున్నా ఖాళీ పడవ 60 కిలోల లోపే. సన్నని ప్లైవుడ్‌ను సరైన చోట్ల ఆనించి నిలబెట్టిన ఫలితమది.

తేలికదనానికీ ఒక మూల్యం ఉంది. తేలిక పడవలో మనిషి బరువే నిలకడ. గాలి జోరందుకుంటే కూర్చున్నవారు అంచు మీదికి జరిగి దాన్ని నిలబెట్టాలి. ఒంటరిగా తిరిగేవారికి, వయసు మళ్లినవారికి కాస్త బరువున్న పడవ ఎక్కువ ఓపిక పడుతుంది. వెల్స్‌ఫర్డ్ గీసిన స్కాంప్ అడుగున నీళ్లు నింపుకునే తొట్టి ఉంటుంది. ఒడ్డుకు రాగానే ఆ నీళ్లు వదిలేస్తే బరువు తగ్గిపోతుంది.

ప్లాను పక్కన రాసిన బరువు సాధారణంగా ఖాళీ పడవది. ఇద్దరు మనుషులు, మూడు రోజుల నీళ్లు, లంగరు, గుడారం, పొయ్యి కలిస్తే 200 కిలోల దాకా కావచ్చు. ఎంత మోస్తే పడవ సరైన లోతులో తేలుతుందో డిజైనర్ ఇచ్చిన లెక్కను దీనితో పోల్చాలి.

నిద్ర సంగతి కాగితం మీదే తేలిపోతుంది. ఒక మనిషికి 1.9 మీటర్ల పొడవు, భుజాల దగ్గర 60 సెంటీమీటర్ల వెడల్పు చదునైన చోటు కావాలి. పడవ పక్కకు జారకుండా నీళ్లలోకి దింపే పలక, దాని పెట్టె చాలా డింగీల్లో సరిగ్గా మధ్యలో అడ్డుపడతాయి. స్కాంప్‌లో ఆ పెట్టెను ఒక పక్కకు జరిపింది అందుకే. నేల మీద అట్టముక్కలు పరిచి ఆ కొలతల్లో పడుకుని చూడడం ఏ వర్ణన కన్నా నమ్మదగిన పరీక్ష.

గాలి నింపిన గదుల అమరికనూ పరిశీలించాలి. అవి చాలకపోతే బోల్తా పడ్డ పడవ నీళ్లతో నిండి పనికిరాకుండా పోతుంది. పక్కల మరీ పెద్దవైతే ఒరిగిన పడవ ఎత్తుగా తేలి, నీళ్లలో ఉన్న మనిషికి అందకుండా గాలికి కొట్టుకుపోతుంది. రాత్రి మజిలీలుండే ప్రయాణాలకు స్తంభాన్ని ఒక్కరే నిలబెట్టగలగాలి, గాలి పెరిగితే తెరచాపను మడిచి చిన్నది చేసుకునే ఏర్పాటు ఉండాలి. మిర్రర్‌లా పొట్టి కర్రలున్న తెరచాపలు ఈ పనికి బాగా సరిపోతాయి.

చివరగా, ప్లాన్లు ఎంత వివరంగా ఉన్నాయన్నది చూడాలి. అసలు సైజు నమూనాలు లేదా పలకల కచ్చితమైన కొలతలు, పని వరుస చెప్పే పుస్తకం, సరుకుల జాబితా, తెరచాప పటం ఉంటే కొత్తవారికి సగం కష్టం తప్పుతుంది. కొలతల పట్టిక మాత్రమే ఉన్నవి అనుభవజ్ఞులకే. చెక్క, ఎపాక్సీ, తెరచాపలకు అయ్యే ఖర్చుతో పోలిస్తే ప్లాన్ల ధర చాలా చిన్నది. అందుకే నచ్చిన రెండు మూడు డిజైన్ల అధ్యయన పటాలు తెప్పించుకుని, వీలైతే కట్టిన పడవలో ఒకసారి ప్రయాణించి, ఆ తర్వాతే ప్లైవుడ్ కొనడం మంచిది.