చీరాల–పేరాల ఉద్యమమున ప్రజారోగ్య ప్రశ్న

చీరాల–పేరాల ఉద్యమమును చరిత్రకారులు పన్నుల నిరాకరణముగనే పరిగణించుచు వచ్చిరి. అది సత్యమే. కాని ఆ పన్ను దేనికొఱకు విధింపబడెనో విచారించినచో, దాని మూలమున ప్రజారోగ్య సమస్య యొకటి కలదని మాకు తోచుచున్నది.

కృష్ణకు విజయవాడ వద్ద ఆనకట్ట 1855లో పూర్తియైనది. అటుపిమ్మట తెనాలి, రేపల్లె ప్రాంతముల పల్లెలు కాలువనీటిని చెఱువులకు పెట్టుకొని త్రాగుట కలవాటుపడినవి. పైరునకు పాఱు నీరే పశువులకును, బట్టలుతుకుటకును, త్రాగుటకును. పేరాల స్థితి వేఱు. ఇది సముద్రతీరపు ఇసుకనేల. వాననీరు వెంటనే ఇంకును. ఇంకిన మంచినీరు ఉప్పునీటికంటె తేలికయగుటచే దానిపై నిలిచియుండును. కొద్దిలోతుననే నీరు పడును గనుక నుయ్యి త్రవ్వుకొనుట సులభము. ఆ సౌలభ్యమే అపాయము కూడ. మఱుగుదొడ్డి నూతికి మిక్కిలి చేరువైనచో నడుమనున్న ఇసుక మాలిన్యమును చాలినంతగ వడకట్టజాలదు. కలరా నీటిమూలమున వ్యాపించునని 1854లో లండను నగరమున జాన్ స్నో ఒక వీథిపంపును ఆధారముగ గొని చూపియుండెను. కావున పారిశుద్ధ్యము కేవలము పన్నుకొఱకు కల్పించిన నెపమని కొట్టివేయరాదు.

అయినను లెక్క చూడవలెను. చీరాల, పేరాల, జాండ్రపేట, వీరరాఘవపేటల జనసంఖ్య సుమారు 15,000. యూనియను నాటి పన్ను ఏటికి సుమారు 4,000 రూపాయలు. పురపాలక సంఘమైనచో సుమారు 40,000. జనులలో పెక్కుమంది నేతగాండ్రు. గుంటమగ్గమున కాళ్లుంచి ప్రొద్దుగ్రుంకువఱకు కూర్చుండువానికి ఆరోగ్యము అక్కఱలేదని ఎవరనగలరు? అక్కఱ కలదు, పదిరెట్ల పన్ను చెల్లించు శక్తి లేదు. అప్పటికి స్థానిక స్వపరిపాలనశాఖ మదరాసున భారతీయ మంత్రి చేతిలోనిదే యగుటను గూడ మఱువరాదు. దోషమంతయు పరాయి పాలకులదని ఊరకుండుట చరిత్ర కాదు.

1921 ఏప్రిల్‌లో గాంధీగారు చీరాలకు వచ్చి, శాసనోల్లంఘనమో, ఊరు విడుచుటయో అను రెండు మార్గములను సూచించిరి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున సుమారు 13,000 మంది పట్టణపుటెల్లల కావల రామనగరమను పేర గుడిసెలు వేసికొనిరి. రామదండు సేవకులు క్రమరక్షణమునకు పూనిరి. పసిబిడ్డలతో, బాలింతలతో వారచ్చట సుమారు పదునొకండు నెలలు వేసవిని, వానలను, చలిని గడపిరి. ఆరోగ్యము పేర తలపెట్టిన సంస్కారము ఫలితముగ జనులు ఉన్న గోడలను, కప్పును వీడవలసివచ్చినది. పన్నును గూర్చి వ్రాసినవారు ఈ విషయమున తగినంత నిలువలేదని మా యభిప్రాయము.

గోపాలకృష్ణయ్యగారికి సంవత్సరము కారాగారశిక్ష పడినది. రామనగరవాసులు క్రమముగ తమ పాత యిండ్లకు, పాత నూతుల చెంతకు మఱలిరి.