తంజావూరు వీణ, బొబ్బిలి వీణ: పనసకఱ్ఱను మలచిన చేతులు

తంజావూరు నాయకరాజుల ప్రస్తావన వచ్చినప్పుడు మన సభలలో వీణ ప్రస్తావనయు తప్పక వచ్చును. రఘునాథ నాయకుడు వీణకు ఇరువదినాలుగు మెట్లను స్థిరపఱచెననియు, నేడు దక్షిణదేశమంతట మ్రోగుచున్నది ఆ వీణయే యనియు ఉపన్యాసకులు చెప్పుదురు. ఆ మెట్లు నిలిచిన దండిని చెక్కిన వడ్రంగి యెవడో, ఏ పనిముట్టుతో చెక్కెనో చెప్పినవారిని నేను వినలేదు. నేను తమిళనాట తెలుగు బోధించు ఉపాధ్యాయుడను. సంగీతశాస్త్రజ్ఞుడను గాను, వడ్రంగమును ఎఱుగను. అయినను పనివారి చెంత కూర్చుండి చూచినదానిని, గ్రంథములలో చదివినదానిని జోడించి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

చరిత్ర భాగమును ముందుగా ముగింతును. తంజావూరు నాయక రాజ్యము 1532లో శేవప్ప నాయకునితో ప్రారంభమైనది. ఆయన మనుమడు రఘునాథుడు 1600 ప్రాంతమున రాజ్యమునకు వచ్చి 1634 వఱకు పాలించెను. ఈయన తెలుగున వాల్మీకి చరిత్రము, శృంగార సావిత్రి రచించిన కవి. మంత్రి గోవిందదీక్షితులు కన్నడ వంశీయుడు. సంగీతసుధ యను గ్రంథమును కొందఱు రాజునకును, కొందఱు ఈ మంత్రికిని ఆపాదింతురు. దీక్షితుల కుమారుడు వేంకటమఖి, విజయరాఘవ నాయకుని కాలమున వ్రాసిన చతుర్దండీ ప్రకాశికలో రఘునాథుని పేరిట ఒక మేళవీణను పేర్కొనెను. అయితే అన్ని రాగములకును ఒకే విధముగ మెట్లు నిలుపవచ్చునను ఆలోచన అంతకు ముందే కలదు. విజయనగరమున అళియ రామరాయల ఆశ్రయమున నున్న రామామాత్యుడు 1550లో రచించిన స్వరమేళకళానిధిలో సర్వరాగమేళ వీణను, ఏకరాగమేళ వీణను వేఱుపఱచి చెప్పియున్నాడు. కావున ఒక రాజు ఒకనాడు వీణను సృష్టించెననుట ప్రశంసయే కాని చరిత్ర కాదు. అరువది డెబ్బది ఏండ్ల యోచన తంజావూరున ఫలించినది.

ఆ యోచన పనిముట్ల యొద్దకు వచ్చినప్పుడు ఏమైనది? ఇదియే నాకు ముఖ్యముగ తోచిన ప్రశ్న. మెట్లు కదలునట్టివైనచో కఱ్ఱలోని చిన్న దోషమును వాద్యకారుడే సవరించుకొనవచ్చును. స్థాయికి పండ్రెండు చొప్పున రెండు స్థాయిలకు ఇరువదినాలుగు మెట్లు కదలక నిలువవలెనన్నచో, వానిని మోయు దండి ఏండ్ల తరబడి వంగరాదు, మెలిదిరుగరాదు. మీద నాలుగు వాయింపు తంతులును, ప్రక్కన మూడు తాళతంతులును ఎల్లప్పుడు లాగుచునే యుండును. దండి యొక నూలెడు వంగినను తీగ మెట్టునకు తగిలి జీరపలుకును. శాస్త్రకారుని లెక్క నిలుచుటకు వడ్రంగి కఱ్ఱ నిలువవలెనన్నమాట.

ఆ కఱ్ఱ పనస. తంజావూరు పనివారికి ఇది ముఖ్యముగ పణ్రుట్టి ప్రాంతమునుండి వచ్చును. పనసపండ్లకు పేరుగన్న ఊరే కఱ్ఱకును ఆధారము. ముదిరిన చెట్టే కావలెను. చేవదేలిన భాగమునే గ్రహింతురు, చుట్టునున్న తెల్లని కఱ్ఱను విడిచిపెట్టుదురు. పనసచేవ కోసిననాడు పసుపుపచ్చగ నుండి, ఏండ్లు గడచినకొలది తేనెరంగునకు, పిమ్మట గోధుమరంగునకు తిరుగును. ఇది మఱీ బరువైనది కాదు, చెదలకు తొందరగ లొంగదు, నాదమునకు ప్రసిద్ధి. మృదంగమునకును ఇదియే కఱ్ఱయగుట యాదృచ్ఛికము కాదు.

దుంగను మొదట గొడ్డలితోను, బాడిసతోను మోటుగ రూపునకు తెత్తురు. బాడిసను గూర్చి ఒక మాట. గొడ్డలి అంచు పిడికి సమముగ నుండును. బాడిస అంచు పిడికి అడ్డముగ, పనివాని వైపు తిరిగి యుండును. అందువలన అది కఱ్ఱను నఱకదు, పొరలు పొరలుగ లేపును. వీణకుండ లోపలిభాగమును దొలుచుటకు ఇట్టి పనిముట్టు లేనిదే సాగదు. మోటుపని ముగిసిన తుండును వెంటనే సానపట్టి వీణ చేయబూనిన తొందరపాటు మనిషి ఆ కఱ్ఱను పోగొట్టుకొనును. దానిని నీడలో, గాలి మెల్లగ ఆడుచోట నుంచవలెను. ఎండ తగిలినచో పైభాగము ముందుగ ఎండి, లోన తడి మిగిలి, కఱ్ఱ బీటలువారును. నీరు ఎక్కువగ పోవునది తుండు రెండు కొనలనుండియే గనుక కొనలకు పేడ పూయుట మన వడ్రంగులందఱును ఎఱిగిన ఉపాయము.

ఎండిన పిమ్మట ఉలి వంతు వచ్చును. చదునైన అంచుగల ఉలి ఒకటి, నెలవంకవంటి అంచుగలది మఱొకటి, తీగలు లతలు చెక్కుటకు సన్ననివి అనేకము. కుండ గోడ అంతట ఒకే మందమున నుండవలెను. కొలబద్ద లోనికి పోదు. వ్రేలి కణుపుతో తట్టి విని పనివాడు మందమును తెలిసికొనును. నేను చూచిన వృద్ధుడు రెండు కుండలను తట్టి, ఒకటి ఇంకను చెక్కవలెననెను. నాకు రెండును ఒకే ధ్వనిగ వినిపించినవి. నా చెవి ఆయనకు హాస్యాస్పదమైనది.

కుండ, దండి, యాళిముఖము అన్నియు ఒకే దుంగనుండి చెక్కినచో అది ఏకాండ వీణ. వేఱువేఱుగ చెక్కి అతికినచో ఒట్టు వీణ. మొదటిదానికి పెద్ద దుంగ కావలెను, చాల కఱ్ఱ వ్యర్థమగును, వెలయు అధికము. కుండ మీది పలకయు పనసదే. పూర్వము అలంకారములకు ఏనుగుదంతమును పొదిగెడివారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ శాసనము, దాని తరువాతి సవరణలు వచ్చిన పిమ్మట ఆ స్థానమును ప్లాస్టికు ఆక్రమించినది. చూచుటకు కొంచెము వెలితియే. ఏనుగు బ్రతికినది గనుక నాకు విచారము లేదు.

తుదిపని మేళము కట్టుట. మైనమును మసితోను, గుగ్గిలముతోను కలిపి కరగించి, దండి రెండు అంచులమీద గోడలవలె నిలిపి, అందులో లోహపు మెట్లను ఒక్కొక్కటిగ అమర్చుదురు. ఇక్కడ ఉలికి పనిలేదు, చెవికే పని. మైనము మెత్తగ నున్నంతసేపు మెట్టును వెండ్రుకవాసి జరుపవచ్చును, గట్టిపడినచో నిలిచిపోవును. కొన్నియేండ్లకు మైనము సడలినప్పుడు మరల కట్టవలసినదే. స్థిరమైన మెట్టు అని శాస్త్రము చెప్పుచున్నది కాని, పనివానికి అది సవరింపదగిన స్థిరత్వము.

తంజావూరున ఈ పని చేయువారు తమిళులు. ఇది చెప్పుటకు మనలో కొందఱు సంకోచింతురు. పోషకుడు తెలుగు రాజు, మంత్రి కన్నడ వంశీయుడు, ఉలి తమిళ విశ్వకర్మ చేతిది. వీణయంతయు మనదేయనుట ఒట్టు వీణను చూపి ఏకాండమనుటవంటిది. తెలుగు చేతులు చెక్కిన వీణను చూడగోరువారు ఉత్తరాంధ్రమున బొబ్బిలికి పోవలెను. అచటి సంస్థానాధీశుల పోషణలో ఎదిగిన వీణల పని నేటికిని సమీపమున గొల్లపల్లిలో సర్వసిద్ధివారి కుటుంబములలో నిలిచియున్నది. చెట్టు అదే పనస. ఒకే దుంగనుండి వీణను తీయుట వారికిని ప్రతిష్ఠ. రెండు వీణలకును భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. ఇన్ని వందల మైళ్ల యెడమున ఇద్దఱు వడ్రంగులు ఒకరి భాష ఒకరెఱుగకయే ఒకే చెట్టును ఒకే విధముగ గౌరవించుచున్నారు.

ఒకరి భాష ఒకరెఱుగరంటిని గాని, పనిముట్ల విషయమున అది పూర్తిగ నిజము కాదు. మన బాడిస కన్నడమున బాచి, తమిళమున వాచ్చి. మన రంపము తమిళమున రంబము. మా తరగతిలో ఒక బాలుడు "ఉళి" అని వ్రాయగా ఎఱ్ఱసిరాతో కొట్టివేసితిని. వాని తండ్రి వడ్రంగి. ఇంట తెలుగు మాటలాడుదురు, పనిచోట తమిళము. తరువాత యోచింపగా వాడు వ్రాసినది తప్పనుటకంటె, తెలుగు ఉలికి తోబుట్టువనుట న్యాయమని తోచి, రెండు రూపములను నల్లబల్లమీద ప్రక్కప్రక్కన వ్రాసితిని. చిత్రిక పట్టుట యను మాట ఆ తరగతిలో ఒక్కనికిని తెలియదు. శైలిని చిత్రికపట్టెనని మన విమర్శకులు వ్రాయు వాక్యము వారికి ఎట్లు అర్థమగును?

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశమును తలపెట్టి, 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వ్యవసాయపదముల సంపుటమును వెలువరించినది. పిమ్మట ఇతర వృత్తుల సంపుటములును వచ్చినవి. మహోపకారమైన పని. కాని ఆ సేకరణ ఆ రాష్ట్రపు జిల్లాలలో జరిగినది. ఎల్లకు ఈవలనున్న తెలుగు వడ్రంగి పలుకు అందులో చేరలేదు. హోసూరులోనో, బళ్ళారిలోనో, బరంపురములోనో ఇంట తెలుగాడు వృద్ధ వడ్రంగి తన సంచిలోని ఒక్కొక్క పనిముట్టును ఏమని పిలుచునో మన సంఘముల యువకులు ఒక సెలవుదినమున అడిగి వ్రాసికొనవచ్చును. ఇందుకు ధనము అక్కఱలేదు.

బొబ్బిలి పనివారు నేడు పెద్ద వీణలతోపాటు, బహుమతులుగ నిచ్చుటకు చిన్న వీణలను చేయుచున్నారు. అడుగువారు కలరు గనుక ఉలి ఆగలేదు; ఇది సంతోషించదగినదే. అయితే అవి గాజుపెట్టెలలో నుంచుటకు చేసిన బొమ్మవీణలు, వానిని వాయింపరు. వానికి యాళిముఖము చెక్కవలెను గాని, మైనము కరగించి చెవియొగ్గి మేళము కట్టనక్కఱలేదు.