పాట, వంత, దేహము: గద్దర్ గానపద్ధతిని గూర్చి యొక పరిశీలనము

ప్రజాగాయకులను గూర్చిన మన పరిశీలనలు తరచుగా సాహిత్యముకడనే యాగిపోవుచుండును. అచ్చులోనికెక్కిన పాటను వివరించి, దానిని పాడిన దేహమును మఱచుట వానియందలి ప్రధానలోపము. గద్దర్ విషయమున నీ లోపము మఱింత స్ఫుటము. ఏలయన, ఆయన కళలో పల్లవి యెంతటిదో గొంగడియు, గజ్జెయు, చేతికఱ్ఱయు నంతటివే.

మెదకు జిల్లా తూప్రానులో దళితకుటుంబమున గుమ్మడి విఠల్‌రావుగా జన్మించి, బి. నరసింగరావు సాహచర్యమున పాటవైపునకు మరలి, స్వాతంత్ర్యోద్యమకాలపు గదర్ పార్టీ స్మృతిగా నామాంతరము గ్రహించిన యీ గాయకుడు, 1972లో నేర్పడిన జననాట్యమండలికి ప్రధానకంఠమయ్యెను. 1943నాటి ప్రజానాట్యమండలి బుఱ్ఱకథకు నూతనవస్తువు నొసంగి చూపిన మార్గమే దీనికి పూర్వరంగము. అయితే బుఱ్ఱకథలో కథకునకు వంతలిర్వురు. గద్దర్ సభలో వంత పాడినది సభయే.

ఈ లక్షణము మనకే ప్రత్యేకమని భావింపరాదు. రియో డి జెనీరో కొండవాడలలో పెరిగిన సాంబాగానమునను గాయకుడు చరణము పాడుచుండ, చుట్టును జేరినవారు చప్పట్లతో పల్లవి నందుకొందురు. 1928లో మంగేయిరా సాంబా సంఘమును స్థాపించినవారిలో నొకడైన కార్తోలా, కట్టడపుపనిలో సిమెంటు తలపై బడకుండ ధరించిన టోపీవలననే యా పేరు పొందెను. ఆయన తొలి సొంత రికార్డు వెలువడుసరికి 1974 వచ్చెను, అప్పటికాయనకు అఱువదియైదేండ్లు. శ్రమజీవి వేషమే గాయకునకు గుర్తగుటయు, పాట రికార్డుకంటె ముందు జనుల నోట నిలుచుటయు నుభయత్ర సమానము.

'మా భూమి' చిత్రమున బండి యాదగిరి రచనయైన 'బండెనక బండి కట్టి' పాటను గద్దర్ స్వయముగా తెరపై పాడుటచే, వెనుకటితరపు పోరాటగీతమొకటి యాయన రూపముతో పెనవైచుకొనిపోయెను. పాట గాయకుని దేహమును వీడి నిలువదను నీ వాదమునకు ఎదురునిదర్శనమును లేకపోలేదు: 1995నాటి 'ఒరేయ్ రిక్షా' చిత్రమున నాయన రచించిన 'మల్లెతీగకు పందిరివోలె' గీతము వందేమాతరం శ్రీనివాస్ కంఠమున నింటింట వినబడినది. దానికి లభించిన నంది పురస్కారమును గద్దర్ తిరస్కరించెను. అన్నాచెల్లెండ్ర మమకారమును బాడు నా గీతమునకు వంతగుంపుతో పనిలేకుండుటయే యది రచయితను వీడి మనగలుగుటకు హేతువని నా యభిప్రాయము.

1997 ఏప్రిల్ 6న సికింద్రాబాదు ఆల్వాల్ ప్రాంతమున వెంకటాపురములోని స్వగృహమున నాయనపై కాల్పులు జరిగినవి; ఒక గుండు తుదివఱకు దేహముననే నిలిచెను. ఆ గుండును మోయుచునే తెలంగాణోద్యమవేదికలపై నాయన పాడెను, ఆడెను. 2023 ఆగస్టు 6న మరణించిన పిదప, ఆల్వాల్‌లో తాను స్థాపించిన మహాబోధి విద్యాలయప్రాంగణముననే సమాధిగతుడయ్యెను.

కావున గద్దర్ పాటల సంపుటములను ముద్రించుటతోనే పరిశోధకుల బాధ్యత తీఱదు. సభలయందలి దృశ్యశ్రవ్యముద్రణములను, ఆ సభలలో వంత పాడినవారి జ్ఞాపకములను, వారు జీవించియుండగనే సేకరింపవలెను. ఆ పని ఆల్వాల్‌నుండియే యారంభమగుట యుచితము.