బందరు అద్దకము, పల్లెటూరి బొంత

ఈ సంచికలో దైవజనులను గూర్చి, దేవాలయములను గూర్చి, పాఠశాలలను గూర్చి సహోదరులు అనేకులు వ్రాస్తున్నారు. అది ఎంతో అవసరము. నా వంతుగా ఒక చిన్న వస్తువును గూర్చి వ్రాయదలచాను. ఒకప్పుడు మన అందరి ఇళ్ళలోను ఉండి, ఇప్పుడు చాలా ఇళ్ళలో కనిపించని ఆ వస్తువు బొంత.

బొంతకు చరిత్ర ఏమిటని చదువరులు నవ్వవచ్చును. కాని ఒకరికొకరు సరిపోయిన జంటను చూచి "గంతకు తగ్గ బొంత" అంటాము. ఒళ్ళంతా నూగు గల పురుగును బొంతపురుగు అంటాము. మాటలలో ఇంతగా కలిసిపోయిన వస్తువు మన చరిత్ర గ్రంథములలో మాత్రము కనిపించదు. ఇదే కృష్ణా తీరమున తయారైన మరొక బట్టకు ప్రపంచ చరిత్రలోనే చోటు దొరికినది. ఆ రెండింటినీ పక్కపక్కన పరచి చూడవలెనని నా ఉద్దేశము.

సముద్రము దాటిన బట్ట

గోల్కొండ సుల్తానుల కాలములో బందరు పెద్ద రేవు. 17వ శతాబ్దపు తొలి సంవత్సరములలో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు, ఆ తరువాత ఫ్రెంచివారు ఇక్కడ వర్తక స్థావరములు పెట్టుకున్నారు. వారిని రప్పించినది ముఖ్యముగా బట్ట. తూర్పు దీవులలో సుగంధ ద్రవ్యములు కొనవలెనంటే బంగారము కన్న మన తీరపు రంగుబట్టలే బాగా చెల్లేవి.

ఆ బట్ట తయారీ ఒక్కరి చేతి పని కాదు. నేసినవారు ఒకరు, చెక్క అచ్చులు చెక్కినవారు మరొకరు, అద్దినవారు వేరొకరు, పారే నీటిలో ఉతికి ఆరవేసినవారు ఇంకొకరు. గుడ్డను కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీటిలో తడిపి ఆరబెట్టేవారు. తుప్పు ఇనుము, బెల్లము ఊరవేసి నలుపు తీసేవారు. పటిక అద్దిన చోట చిరివేరు ఎరుపు పట్టేది. నీలిమందుతో నీలము వచ్చేది. నేటికీ పెడనలో, బందరులో ఈ అద్దకము సాగుతున్నది. దానినే కలంకారీ అంటున్నాము.

ఆనాడు విదేశములకు పోయిన వాటిలో మంచముపై పరచే పెద్ద దుప్పటి ఒకటి. పలంగ్‌పోష్ అను మాట ఇంగ్లీషువారి నోట పలంపోర్ అయినది. ఈ బట్టలమీద మోజు ఎంత పెరిగినదంటే, అక్కడి పట్టు, ఉన్ని పరిశ్రమలవారు గగ్గోలు పెట్టగా 1686లో ఫ్రాన్సు వీటిని నిషేధించినది. ఇంగ్లండు 1700లో దిగుమతిని ఆపి, 1721లో అద్దకపు నూలుబట్టలు ధరించుటనే చాలావరకు నేరము చేసినది.

అంత విలువైన బట్ట చిరిగినా అక్కడి స్త్రీలు పారవేయలేదు. పువ్వులను, పక్షులను కత్తిరించి సాదా గుడ్డపై కుట్టుకున్నారు. ముక్కలు కలిపి దుప్పట్లు చేసుకున్నారు. ఇంగ్లండులో లెవెన్స్ హాల్ అను భవనములో 1708 ప్రాంతమున భారతదేశపు అద్దకపు ముక్కలతో కుట్టిన దుప్పటి నేటికీ భద్రముగా ఉన్నది. ఆ దేశములో మిగిలిన అతి పాత ముక్కల దుప్పట్లలో అది ఒకటి. మన దేశపు అద్దకము దొరల ఇంట కూడ చివరకు బొంతలోనే చేరినదన్నమాట.

ఇంట మిగిలిన బట్ట

ఇక మన బొంత సంగతి. కోతలు, నూర్పిళ్ళు అయిన తరువాత పనులు తగ్గిన రోజులలో, మధ్యాహ్నము పూట వసారాలోనో చెట్టు నీడనో నలుగురైదుగురు స్త్రీలు కూర్చునేవారు. ఒక పాత నూలుచీరను నేలపై ముడత లేకుండ పరచేవారు. దానిపై చిరిగిన పంచెలు, చొక్కా గుడ్డలు, దర్జీ కొట్టులో మిగిలిన పేలికలు వరుసగా పేర్చేవారు. అన్నిటికీ పైన కొంచెము గట్టిగా ఉన్న చీర. తలా ఒక వైపు కూర్చుండి పెద్ద సూదితో వరుసలు వరుసలుగా కుట్టుకుంటూ నడుమకు వచ్చేవారు. కుట్టు దగ్గరైతే బొంత గట్టిగా, దూరమైతే మెత్తగా ఉంటుంది.

ఎరుపు ముక్క పక్కన ఏ ముక్క రావలెను, చీర అంచు నాలుగు ప్రక్కలా తిరగవలెనా లేక నడుమ వేయవలెనా అను సంగతులు మాటలలోనే తేలేవి. దానిని కళ అని వారు పిలువలేదు. ఎవరూ పేరు కుట్టుకోలేదు. బొంత పలచబడితే పారవేయక, దానిపై మరొక పొర వేసి కుట్టేవారు. అందుచేత ఒక్క బొంతను విప్పితే లోపల అమ్మమ్మ చీర, దానిపై అమ్మ చీర కనిపించేవి. బిడ్డ పుట్టినప్పుడు పొత్తిళ్ళకు వెదకినది కూడ అటువంటి మెత్తని పాత బట్టనే.

ఇక్కడ దాచకూడని మాట ఒకటి కలదు. ఈ డెల్టాలోని మన క్రైస్తవ కుటుంబముల పూర్వులలో ముతకబట్ట నేసినవారు, పొలములో కూలి చేసినవారు అనేకులు. మిల్లు బట్ట వచ్చి ఆ మగ్గములను పడగొట్టినది. నేసిన చేతులకే బట్ట కరువైనది. పండుగకో పెళ్ళికో ఆసామి ఇంటి నుండి వచ్చిన పాత చీర పేటలోని బొంతలో చేరేది. పేట చీర ఊరి ఇంటికి వెళ్ళేది కాదు, ఆ చీర ఇచ్చిన ఇల్లాలు ఈ బొంతపై వచ్చి కూర్చునేదీ కాదు. ఊరంతటి రంగులు ఒక్క బొంతలో కలిసి ఉండేవి కాని ఊరు కలిసి ఉండలేదు. బొంతను పొగడేటప్పుడు ఈ సంగతి మరువరాదు.

అపొస్తలుల కార్యములలో యొప్పే పట్టణపు దొర్కా మరణించినప్పుడు ఆమె గుణగణములను ఎవరూ ఉపన్యసించలేదు. విధవరాండ్రు ఆమె కుట్టిన బట్టలు తెచ్చి పేతురుకు చూపారు. బట్ట కూడ సాక్ష్యము చెప్పునని దానివలన తెలియుచున్నది. మన బొంతలను అట్లు తెచ్చి చూపినవారు ఇంతవరకు అరుదు.

ఉప్పెనలు మింగినవి

మన ప్రాంతమున బట్ట నిలుచుట కష్టము. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన బందరును, పరిసర గ్రామములను ముంచగా సుమారు 30 వేల మంది చనిపోయారు. 1977 నవంబరు 19న దివిసీమ అదే విధముగా మునిగినది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే మృతులు సుమారు 10 వేలు. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతములలో కుటుంబములకు కుటుంబములే తుడిచిపెట్టుకుపోయాయి. దస్తావేజులు ఉన్న ఇళ్ళలో దస్తావేజులు పోయాయి. బొంత తప్ప మరేమీ లేని ఇళ్ళలో బొంతలు పోయాయి.

దస్తావేజు పోతే కచేరీలో నకలు దొరకవచ్చును. అమ్మమ్మ చీర ముక్కకు నకలు లేదు. అందుచేత ఆనాడు సహాయముగా వచ్చిన చీరలతో తరువాత కుట్టుకున్న బొంత ఏ ఇంటనైనా మిగిలియుంటే, దానిని 1977 నాటి సాక్ష్యముగా భద్రపరచవలెను.

ఇతర దేశములలో

అమెరికాలో అలబామా రాష్ట్రమున గీస్ బెండ్ అను చిన్న ఊరు కలదు. అక్కడి నల్లజాతి స్త్రీలు బానిసల సంతతివారు. వారు అరిగిన పనిబట్టలతో దుప్పట్లు కుట్టేవారు. 1942లో మిస్సోరీ పెట్‌వే అను ఆమె, మరణించిన తన భర్త పనిబట్టలతోనే ఒక దుప్పటి కుట్టినది. 1966లో, పౌరహక్కుల పోరాటపు రోజులలో, ఫ్రాన్సిస్ వాల్టర్ అను ఎపిస్కోపల్ పాదిరిగారి తోడ్పాటుతో ఆ ప్రాంతపు స్త్రీలు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అను సహకార సంఘమును పెట్టుకున్నారు. 2002లో ఆ ఊరి దుప్పట్లు న్యూయార్కులోని విట్నీ మ్యూజియములో గోడలకెక్కాయి. 2006లో అమెరికా తపాలాశాఖ వాటి బొమ్మలతో బిళ్ళలు వేసినది.

దక్షిణ అమెరికాలోని చిలీలో 1973లో సైన్యము అధికారము చేజిక్కించుకున్న తరువాత అనేకులు మాయమైపోయారు. వారి తల్లులు, భార్యలు పాత బట్టల ముక్కలను గోనెగుడ్డపై కుట్టి జరిగినది బొమ్మలుగా చూపారు. వాటిని విదేశములకు చేర్చుటకు అక్కడి కతోలిక సంఘము సహాయపడినది. పత్రికలు వ్రాయలేని సంగతులను ఆ పేలికలు చెప్పాయి.

మనము చేయదగినది

బొంత ఎందుకు తగ్గిపోయినదో అందరికీ తెలిసినదే. నూలుచీర స్థానమున పాలియెస్టరు చీర వచ్చినది. దానికి ఆ మెత్తదనము లేదు. పాత బట్టలకు స్టీలు గిన్నెలు ఇచ్చేవారు గుమ్మములోనికి వచ్చారు. రగ్గులు, పరుపులు కొనగలిగిన స్థితి వచ్చినది. ఇందుకు విచారింపనక్కరలేదు. చలిలో నేలపై పడుకున్న రోజులు తిరిగి రావలెనని ఎవరూ కోరరు. కాని ఆ రోజులను దాటించిన చేతుల పని పేరు లేకుండ పోరాదు.

కావున ఒక మనవి. బందరులో గాని, గుడివాడలో గాని, దివిసీమలో గాని, ప్రతి సంఘములోని స్త్రీల సహవాసము తమ గ్రామమున మిగిలిన పాత బొంతలను వెదకవలెను. కొనవద్దు, అడిగి పుచ్చుకొనవద్దు. చూచి, ఫోటో తీసి, ఎవరు కుట్టారో, ఏ సంవత్సరమున కుట్టారో, ఏ ముక్క ఎవరిదో వ్రాసుకుంటే చాలును. ఆ బొంతను ఎండలో ఉంచక, ప్లాస్టిక్ సంచిలో బిగించక, ఉతికిన నూలుగుడ్డలో చుట్టి పొడిచోట ఉంచమని ఇంటివారికి చెప్పవలెను.

తరువాత ఇంటికొక పాత నూలు ముక్క చొప్పున తెచ్చి, పేట అని ఊరు అని చూడక అందరూ కూర్చుని, గ్రామమునకు ఒక కొత్త బొంత కుట్టవచ్చును. ఈసారి కుట్టినవారి పేర్లు ఒక గుడ్డపీలికపై వ్రాసి వెనుకవైపున కుట్టవలెను. ఈ పని ఆలస్యము చేయరాదు. "ఈ ముక్క ఎవరి చీర?" అని అడిగితే జవాబు చెప్పగలవారు ఇప్పుడు మన సంఘములలో బహు వృద్ధులు.