సబ్రహ్మచారి: సహాధ్యాయుల బంధుత్వమును గూర్చి



రెండేండ్ల క్రిందట మా శివాలయమునకు నిత్యము వచ్చు ఒక భక్తుడు తన కుమారుని వెంటబెట్టుకొని వచ్చెను. పిల్లవానికి దూరమందలి ఒక ఇంజినీరింగు కళాశాలలో సీటు వచ్చినది. మరునాడు ప్రయాణము. అర్చన ముగిసిన పిమ్మట తలపై అక్షతలుంచి ఆశీర్వదించి, అడుగకున్నను ఒక హితవు చెప్పితిని. "నాయనా, అక్కడ సంఘములని, ఉత్సవములని, సభలని ఎన్నో ఉండును. వాని జోలికి పోవలదు. నీ గది, నీ పుస్తకము, నీ సంధ్యావందనము. నాలుగేండ్లు ఇంతే చాలును" అంటిని. తండ్రి ఎంతయో సంతోషించెను. పిల్లవాడు తల ఊపెను.

మాఘమాసమున ఆ బాలుడు ఇంటికి వచ్చినాడు. సెలవులకు కాదు. చదువు మానివేయుదునని వచ్చినాడు. తొమ్మిది దినములు జ్వరముతో గదిలో పడియుండెనట. ప్రక్కగదివారికి ఆ సంగతి తెలియలేదు. ఏలయనగా వారి పేర్లు ఇతనికి తెలియవు, ఇతని పేరు వారికి తెలియదు. నేను చెప్పిన మాట అక్షరాల పాటించినాడు. తండ్రి నన్ను ఒక్క మాట అనలేదు. "పంతులుగారూ, వీనితో ఒకసారి మాట్లాడండి" అని మాత్రము అడిగెను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను చెప్పినది శాస్త్రసమ్మతమేనా, లేక నా భయమును శాస్త్రమను పేరుతో ఆ పిల్లవాని నెత్తిన పెట్టితినా? ఈ ప్రశ్నతో గ్రంథములను, శాసనముల సంగతులను మరల తిరుగవేసితిని. నాకు తేలినదానిని ఇక్కడ వ్రాయుచున్నాను.

మొదట ఒక పదము. ఒకే శాఖను, ఒకే వ్రతముతో అధ్యయనము చేయువారిని మన భాష "సబ్రహ్మచారులు" అన్నది. ఒకే గురువు నాశ్రయించి వసించువారిని "సతీర్థ్యులు" అన్నది. ఈ రెండు పదముల సిద్ధికి పాణిని ప్రత్యేకముగా సూత్రములు చేసినాడు. ఇంతవరకు వ్యాకరణము. ధర్మశాస్త్రము మరియొక అడుగు ముందుకు వేసినది. మనుస్మృతి ఐదవ అధ్యాయమున ఆశౌచప్రకరణము కలదు. ఎవరు గతించిన ఎవరికి ఎన్ని దినముల మైల అని నిర్ణయించు భాగమది. సపిండులు, సమానోదకులు మున్నగువారి నడుమ సబ్రహ్మచారి కూడ కలడు. అతడు మరణించినచో సహాధ్యాయునకు ఒక దినము ఆశౌచము. రక్తసంబంధము లేదు, గోత్రము వేరు, ఊరు వేరు. ఐనను ప్రక్కన కూర్చుండి చదివినవాడు పోయినచో నీవు ఏమియు జరుగనట్లు మరునాటి పాఠమునకు కూర్చుండరాదని స్మృతి. దీనిని నేను ముప్పదియేండ్లుగా ఎరుగుదును, ఇతరులకు చెప్పియు నుంటిని. ఆ ఒక్క దినము సహాధ్యాయుని బంధువర్గములో చేర్చుచున్నదని మాత్రము ఎన్నడు ఆలోచింపనైతిని.

అనధ్యాయముల జాబితాయు ఇట్టిదే. పాడ్యమి, అష్టమి, ఉరుములు, గ్రహణము, ఇవి అందరెరిగినవే. ఐతే గ్రామము చోరులచే పీడింపబడినప్పుడు, ఊరిలో అగ్నిభయము కలిగినప్పుడు కూడ అధ్యయనము నిలుపవలెనని మనువు చెప్పినాడు. శిష్టుడు ఇంటికి వచ్చినప్పుడు అనధ్యాయమని యాజ్ఞవల్క్యుడు చెప్పినాడు. ఇల్లు కాలుచున్నప్పుడు పుస్తకము మూసి విద్యార్థి ఏమి చేయవలెనో స్మృతి వేరుగా చెప్పలేదు. చెప్పవలసిన అవసరము కనబడలేదు కాబోలు.

నా గురువుగారు మాత్రము చెప్పిరి. కోనసీమలోని పాఠశాలలో నేను కృష్ణయజుర్వేదము చెప్పుకొనుచున్న దినములవి. మేము పదకొండుగురము. ఉదయము సంత, మధ్యాహ్నము వల్లె, రాత్రి వరుసగా చాపలు పరచుకొని నిద్ర. ఒకసారి పరీక్షలు సమీపించినప్పుడు నా ప్రక్కచాపవానికి చలిజ్వరము వచ్చినది. నేను వానివైపు చూడక అరుణము వల్లె వేయుచుంటిని. గురువుగారు వచ్చి నిలుచుండిరి. "వాడు మూలుగుచుండగా నీకు స్వరమెట్లు పలికినదిరా?" అనిరి. అంతే. కొట్టలేదు. నేను లేచి పోయి గంజి కాచి తెచ్చితిని. ఆ సంవత్సరము పరీక్షలో రెండు పనసలు తప్పితిని. ఇది నా జీవితములో జరిగినదే. ఐనను ఆ బాలునకు హితవు చెప్పు సమయమున జ్ఞప్తికి రాలేదు. మనిషి మరపు అట్టిది.

వేదాధ్యయనమే ఒంటరిగా సాగునది కాదు. ఉదాత్తానుదాత్తముల తప్పు పలుకువానికి తెలియదు, ప్రక్కవాని చెవికి తెలియును. అందువలననే వల్లె గుంపుగా వేయుదురు. శ్రావణపూర్ణిమనాడు ఉపాకర్మ సామూహికముగా జరుగును. ఒక్కడు గదిలో తలుపు వేసికొని చదివినచో గ్రంథము రావచ్చును, అధ్యయనము రాదు.

ఇది యొక ఆదర్శము మాత్రమే కాదు, రాతిపై చెక్కిన చరిత్ర. మూడు నాలుగు స్థలములను చూడుడు. బిజాపురప్రాంతమున సాలోటగి యను గ్రామము కలదు. రాష్ట్రకూటరాజైన మూడవ కృష్ణుని కాలమున, క్రీ.శ. 945లో, ఆయన మంత్రి నారాయణుడు అక్కడ ఒక శాలను కట్టించెను. అనేక జనపదముల నుండి విద్యార్థులు వచ్చిరి. వారి నివాసమునకు ఇరువదియేడు గృహములు, దీపములకు వేరుగా భూమి. ఇంతకంటె నన్నాకర్షించినది ఊరివారి ఒప్పందము. గ్రామమున వివాహము జరిగినచో శాలకు ఐదు నాణెములు, ఉపనయనమునకు అందులో సగము, చౌలమునకు అంతకంటె తక్కువ. ఎవరింట బ్రాహ్మణభోజనము జరిగినను శక్తికొలది విద్యార్థులకు పెట్టవలెను. ఊరి పెండ్లిలో విద్యార్థి పంక్తిలో కూర్చుండెడివాడు, ఆ ఊరి శుభాశుభములు అతనికి తెలిసెడివి. మన తెలుగునాట నిన్న మొన్నటివరకు సాగిన వారాల చదువు ఇదియే కదా. సోమవారము ఒకరింట, మంగళవారము ఒకరింట తిని చదివినవారు నేటికిని మనలో ఉన్నారు. వారిని అడుగుడు, తమకు అన్నము పెట్టిన ఏడుగురు తల్లుల పేర్లను వరుసగా చెప్పుదురు.

దక్షిణమున విళుపురము ప్రాంతమందలి ఎణ్ణాయిరమున, రాజేంద్రచోళుని పాలనలో (1012–1044), మూడువందల నలువదిమంది విద్యార్థులకు వసతి భోజనములు ఏర్పడినవి. చిన్నతరగతివారు 270మంది. అందులో ఋగ్వేదము 75, యజుర్వేదము 75, వ్యాకరణమునకు ప్రవేశమైన రూపావతారము 40, మిగిలినవారు ఇతర శాఖలు. పైతరగతివారు 70మంది వ్యాకరణ మీమాంసా వేదాంతములు చదివెడివారు. చిన్నవారికి దినమునకు ఆరు నాళ్ల వడ్లు, పెద్దవారికి కురుణి రెండు నాళ్లు, అనగా పది నాళ్లు. లెక్క వేసితిని. దినమునకు 2,320 నాళ్ల వడ్లు. ఇన్ని వడ్లను కొలువవలెను, దంచవలెను, వండవలెను, వడ్డింపవలెను. ఋగ్వేదివి, యజుర్వేదివి, సామగునివి పంక్తులు ప్రతిదినము ఎదురుపడుచుండెను.

చెంగల్పట్టు దగ్గర, పాలారు, వేగవతి, చెయ్యారు కలియుచోట తిరుముక్కూడలు ఉన్నది. అక్కడి వేంకటేశపెరుమాళ్ల ఆలయమున వీరరాజేంద్రుని శాసనము ఒక పాఠశాలను, ఛాత్రావాసమును, పదునైదు పడకల వైద్యశాలను ఒకచోటనే చెప్పుచున్నది. విద్యార్థులకు పరుండుటకు చాపలు, రాత్రి దీపము, శనివారములందు అభ్యంగనమునకు తైలము. వైద్యశాలలో వైద్యుడు, శస్త్రచికిత్సకుడు, మూలికలు తెచ్చువారు, రోగులను చూచుటకు స్త్రీలు. పదునొకండవ శతాబ్దమున రాజు జ్వరపడిన విద్యార్థి కొరకు పడక వేయించినాడు. నేను ఇరువది యొకటవ శతాబ్దమున ఒక విద్యార్థిని గది దాటవలదని పంపితిని.

మన ఆంధ్రదేశమందలి మల్కాపురశాసనము సంగతి చెప్పక ఈ ప్రసంగము ముగియదు. 1261లో రుద్రమదేవి విశ్వేశ్వరశంభువునకు మందడమును దానమిచ్చెను. నేటి అమరావతి సచివాలయమునకు పోవువారు ఆ ఊళ్ల మీదుగానే పోవుచున్నారు, ఎందరికి తెలియునో. ఋగ్యజుస్సామములకు ముగ్గురు అధ్యాపకులు, పదవాక్యప్రమాణసాహిత్యాగమములకు ఐదుగురు. విద్యార్థుల భోజనముతోపాటు ప్రసూతిశాల, ఆరోగ్యశాల. అన్నసత్రమున బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు ఎవరు వచ్చినను అన్నము పెట్టవలెనని నియమము. ఆ విద్యార్థి పదపాఠము నుండి తల ఎత్తిన ఎదుట ప్రసవమునకు వచ్చిన స్త్రీ, రోగి, ఆకలిగొన్నవాడు. విద్య ఆ నడుమ నడచినది.

ఇక్కడ ఒక మాట దాచరాదు. అన్నము అందరికి పెట్టిన ఆ ప్రాంగణములలో వేదపాఠము అందరికి లేదు. స్త్రీలు లేరు, అనేక వర్ణములవారు లేరు. నేటి కళాశాలలో ఆ ద్వారబంధము లేదు. ఒకే ఆచార్యుని యొద్ద ఒకే శాస్త్రము చదువువాడు సబ్రహ్మచారి యనునది నిజమైనచో, ప్రక్కబల్లపై కూర్చున్నవాని కులమేమని, మతమేమని అడుగుటకు మనకు అధికారము లేదు. బంధుత్వము పెరిగినది, తరుగలేదు. దీనిని ఒప్పుకొనుటకు నాకు కొంత కాలము పట్టినది.

బౌద్ధుల విహారములు మనవి కావని కొందరందురు. చరిత్ర చరిత్రయే. చీనాయాత్రికుడు ఇత్సింగు సప్తమశతాబ్దమున నాలందలో పదియేండ్లు ఉండెను. ఉదయము ఘంట మ్రోగగానే వందలమంది స్నానవస్త్రములతో తటాకములకు పోవుటను ఆయన వర్ణించినాడు. తామ్రలిప్తిలోని విహారమున ఎవడైనను సంఘమును అడుగక తన ఇష్టానుసారము నిర్ణయము చేసినచో వానిని "కులపతి" యని పిలిచి వెళ్లగొట్టెడివారని వ్రాసినాడు. గృహస్థుడు, ఇంటియజమాని అను అర్థమున అది నింద. మన పురాణములలో కులపతి యనగా వేలమందికి అన్నము పెట్టి చదువు చెప్పు మహర్షి. పదమొక్కటే. విహారమువారు నింద చేసినది పదిమందిని విడిచి తానొక్కడే నిర్ణయించువానిని.

ఐతే తల్లిదండ్రుల భయము నిరాధారమనను. ర్యాగింగును నిషేధించుటకు 1997లో మన రాష్ట్రము చట్టమే చేయవలసివచ్చినది. గుంపు చెడినచో పాఠముతోపాటు శీలము పోవును. ప్రాచీనులకు ఇది తెలియదా? పతంజలి మహాభాష్యమున "ఓదనపాణినీయులు" అను ఎత్తిపొడుపు కలదు. పాణినీయము కొరకు కాక అన్నము కొరకు చేరినవారు. కంబళి కొరకు చారాయణుని శిష్యులైనవారు మరికొందరు. గురువును తరచు మార్చువాడు "తీర్థకాకము". నేడు ప్రమాణపత్రము కొరకు మాత్రము సేవాసంఘములలో పేరు వ్రాయించుకొని, ఛాయాచిత్రము తీయించుకొని పోవువారిని చూచిన పతంజలి మరియొక సమాసము కల్పించియుండెడివాడు. చేరుట వేరు, పాలుపంచుకొనుట వేరు.

పాలుపంచుకొన్నవారి ఉదాహరణము తెలంగాణమున ఉన్నది. 1938లో ఉస్మానియా హాస్టళ్ల ప్రార్థనామందిరమున విద్యార్థులు వందేమాతరము పాడిరి. అధికారులు నిషేధించిరి. విద్యార్థులు విననందున బహిష్కరించిరి. వరంగల్లులో చదువుచుండిన పి.వి. నరసింహారావుగారును వారిలో ఒకరు. నాగపురవిశ్వవిద్యాలయము వారికి చోటిచ్చినది. ఒక్కడు పాడియున్నచో బహిష్కరణ అతని ఇంటి దుఃఖముగా ముగిసెడిది. హాస్టలు గదులలో ముందే అల్లుకొన్న చెలిమి వారిని కలిపి నిలిపినది. 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయములలో ప్రారంభమైన జాతీయసేవాపథకము కూడ ఈ చెలిమికి ఊరిదారి చూపుటకే. పిల్లలు చెరువుగట్టు బాగుచేసినను, చెట్లు నాటినను, మల్కాపురపు ప్రాంగణము గుర్తుకు వచ్చును.

ఇదంతయు తెలిసికొన్న పిమ్మట ఆ బాలుని పిలిచితిని. ఆలయమండపమున కూర్చుండి, "నాయనా, నీకు నేను చెప్పినది తప్పు" అంటిని. చిన్నవాని ముందు ఈ మాట చెప్పుట యాబదియేండ్ల వయసులో సులభము కాదు. అతడు చాలసేపు మాటలాడలేదు. తరువాత, "ఇప్పుడు పోయి వాళ్లతో ఏమని మాట్లాడను పంతులుగారూ?" అనెను. "ప్రక్కగదివాని పేరు అడుగు. తిన్నావా అని అడుగు. సంధ్య మానవలదు, తలుపు మాత్రము తెరచియుంచు" అని చెప్పి పంపితిని. పోవునో పోడో అని వారము దినములు తండ్రియు నేనును కలతపడితిమి. పోయినాడు.

మొన్న శ్రావణపూర్ణిమనాడు ఫోను చేసెను. యజ్ఞోపవీతము మార్చుకొన్నానని చెప్పి, ఈ సంవత్సరము హాస్టలు భోజనశాల సమితిలో తనను ఎన్నుకొన్నారని చెప్పెను. రాత్రివేళ జ్వరముతో ఎవరు క్రిందికి రాకపోయినను గదికి గంజి పంపు ఏర్పాటు చేసినారట. బియ్యము లెక్క కుదురుట లేదని, "ఆ ఎణ్ణాయిరములో మనిషికి ఎన్ని నాళ్లన్నారు పంతులుగారూ?" అని అడిగెను. ఆరు, పెద్దవారికి పది అని చెప్పితిని. వ్రాసికొనుచున్నాను, ఒక్క నిమిషము ఆగండి అనెను.