ఎర్ర లైట్ ప్యానెల్, నోబెల్ కథ, మధ్యలో లెన్స్

సూర్యలంక బీచ్‌లో ఎప్పుడైనా భూతద్దం పెట్టి కాగితం కాల్చారా? ఎండ అదే. అద్దం కొత్త వెలుగేమీ పుట్టించలేదు, ఉన్నదాన్ని ఒక చుక్క మీదికి తెచ్చిందంతే.

రెడ్ లైట్ థెరపీ ప్యానెల్ అమ్మేవాళ్లు కొందరు "దీనికి నోబెల్ వచ్చింది" అంటారు. నోబెల్ వచ్చిన మాట నిజమే. 1903లో, డెన్మార్క్ డాక్టర్ నీల్స్ ఫిన్సెన్‌కి. కానీ దేనికి?

1893లో ఆయన మశూచి రోగుల్ని ఎర్ర వెలుగు గదుల్లో ఉంచమన్నాడు. మన ఊళ్లలో అమ్మవారు పోసిందని గుమ్మానికి వేపమండలు కట్టిన రోజులవి. మశూచిని చివరికి తరిమింది టీకా, ఎర్ర గది కాదు. నోబెల్ ఇచ్చింది చర్మానికొచ్చే క్షయ వైద్యానికి. ఆర్క్ దీపం వెలుగుని లెన్స్‌లతో చిన్న మచ్చ మీదికి కూర్చేవాడు. అందులో ఆయన నమ్ముకున్నది అల్ట్రావయొలెట్! మామూలు గాజు దాన్ని చాలావరకు ఆపేస్తుంది కాబట్టి క్వార్ట్జ్ లెన్స్‌లు వాడాడు.

మరి మన ప్యానెల్? లెన్స్ లేని ఎల్ఈడీ వెలుగు సుమారు 120 డిగ్రీలు పరుచుకుంటుంది. లెన్స్‌తో 60కో 30కో కుదిస్తే మధ్యలో తీవ్రత పెరుగుతుంది, పడే చోటు తగ్గుతుంది. లెన్స్ కూడా కొంత వెలుగు మింగుతుంది. కాస్త దూరంగా కూర్చునేవాళ్లకి ఇరుకు లెన్స్ లాభమే. బాగా దగ్గరికెళ్తే మాత్రం వెలుగు చుక్కలు చుక్కలుగా పడుతుంది.

డబ్బా మీద పెద్ద నంబర్ చూసి ఆగిపోకండి. ఎంత దూరంలో కొలిచారు, అంచుల్లో ఎంత వచ్చింది... ఈ రెండూ అడిగాకే డబ్బు కట్టండి.